నాలుగు నోట్‌బుక్కుల్లో నీలిమందు

సాహిత్యానికి ఒక నోట్‌బుక్కు, చరిత్రకు ఒకటి, వ్యాపారం-ఆర్థికానికి ఒకటి, ప్రపంచ వ్యవహారాలకు ఒకటి. హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో చూసినా, దిల్లీ ఓల్డ్ రాజేంద్రనగర్ రీడింగ్ రూముల్లో చూసినా ఇదే కనిపిస్తుంది. ఒక్కోదానికి ఒక్కో రంగు అట్ట, లోపల ఒక్కో రంగు హైలైటర్. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. సిలబస్‌ను కూడా అలాగే విడగొట్టి ఇచ్చారు కాబట్టి ఇందులో తప్పేముంది అనిపిస్తుంది.

తప్పు నోట్‌బుక్కులది కాదు, వాటిని నింపే పద్ధతిది. పరిశోధన చేస్తున్నాం అనుకుంటూ మనలో చాలామంది చేసేది సేకరణ మాత్రమే. ఒక కొటేషన్, ఒక తేదీ, ఒక శాతం, ఒక ఒప్పందం పేరు ఏరి దాచుకుంటాం. మెయిన్స్ వ్యాసం పేపరు వచ్చేసరికి వీటన్నింటినీ బయటికి తీస్తాం. 250 మార్కులు, మూడు గంటలు, రెండు వ్యాసాలు. ఎత్తుగడకు ఒక పద్యపాదం, రెండో పేరాకు 1857, మూడో పేరాకు జీడీపీ, చివర్లో ఐక్యరాజ్యసమితి. దీన్ని 'బహుముఖ దృక్పథం' అని కోచింగ్ భాషలో అంటున్నారు. మా ఊళ్లో అయితే అతుకుల బొంత అంటారు. బొంతకు కనీసం చలి ఆపే గుణమైనా ఉంటుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. విద్యార్థి స్థాయిలో పరిశోధన అంటే నాలుగు విషయాల గురించి తెలుసుకోవడం కాదు. ఒకే ప్రశ్నను నాలుగు అల్మరాల దగ్గరికీ తీసుకెళ్లి, అక్కడ దొరికిన జవాబులు ఒకదానితో ఒకటి పొసగని చోట ఆగడం. ఆ పొసగని చోటే మీ వ్యాసం మొదలవ్వాలి. ఇలా గాలిలో చెబితే మీరూ తల ఊపి మర్చిపోతారు. అందుకే మనందరం ఎనిమిదో తరగతి ఎన్సీఈఆర్‌టీలోనే చదివేసి, అయిపోయింది అనుకున్న ఒక సంగతిని తీసుకుంటాను. అదే నీలిమందు.

ప్రశ్న ఇది: చంపారన్ రైతు మెడ మీద నుంచి నీలిమందు కాడిని దించింది ఎవరు?

చరిత్ర నోట్‌బుక్కు తెరిస్తే జవాబు సిద్ధంగా ఉంటుంది. బీహార్‌లోని చంపారన్‌లో తీన్‌కఠియా పద్ధతి ఉండేది. బిఘాకు ఇరవై కఠాలు, అందులో మూడు కఠాల్లో రైతు తప్పనిసరిగా దొర కోసం నీలిమందు వేయాలి. 1916 డిసెంబరులో లక్నో కాంగ్రెస్ సభలకు రాజ్‌కుమార్ శుక్లా అనే రైతు వచ్చి గాంధీ వెంటపడ్డాడు. 1917 ఏప్రిల్‌లో గాంధీ మోతీహారి చేరారు. జిల్లా విడిచి వెళ్లమన్న ఉత్తర్వును ధిక్కరించారు. ప్రభుత్వం కేసు ఉపసంహరించుకుని, ఫ్రాంక్ స్లై అధ్యక్షతన విచారణ సంఘం వేసి, అందులో గాంధీని సభ్యుడిగా పెట్టింది. 1918లో చంపారన్ వ్యవసాయ చట్టం వచ్చింది, తీన్‌కఠియా రద్దయింది. జవాబు గాంధీ. పదిహేను మార్కుల ప్రశ్నకు ఇది చాలు.

ఇప్పుడు వ్యాపారం నోట్‌బుక్కు తెరవండి. జర్మనీలో అడాల్ఫ్ వాన్ బేయర్ నీలిమందు అణువును ప్రయోగశాలలో తయారుచేసే దారి కనుక్కున్నాడు. దాన్ని ఫ్యాక్టరీలో గిట్టుబాటు అయ్యేలా చేయడానికి బీఏఎస్ఎఫ్ కంపెనీ పదిహేడేళ్లు కష్టపడింది, దాదాపు 1.8 కోట్ల మార్కులు ఖర్చుపెట్టింది. 1897లో సింథటిక్ నీలిమందు మార్కెట్లోకి వచ్చింది. ఆ ఏడు ప్రపంచంలో మొక్కల నుంచి తీసిన నీలిమందు సుమారు 19,000 టన్నులు ఉంటే 1914 నాటికి అది 1,000 టన్నులకు పడిపోయింది. ఎవరి సత్యాగ్రహమూ లేకుండానే పంట చచ్చిపోతోంది. ఈ లెక్కన జవాబు గాంధీ కాదు, రసాయన శాస్త్రం.

ఇక్కడే చాలామంది రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. కొందరు మొదటి జవాబు రాసి రెండోది వదిలేస్తారు. ఇంకొందరు కొత్తగా ఏదో కనిపెట్టినట్టు, సత్యాగ్రహం ఉన్నా లేకపోయినా జరిగేదే జరిగేది అని తేల్చేస్తారు. ఈ రెండో రకం ఈ మధ్య ఎక్కువయింది. అది తెలివిగా కనబడుతుంది కాబట్టి.

ఈ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి కాస్త ఓపిగ్గా చూడండి. పంట చచ్చిపోతుంటే ఆ పంట వేయమని బలవంతపెట్టే పద్ధతి మీద 1917లో అంత గొడవ ఎందుకు జరిగింది? నీలిమందు ధర పడిపోతే దొర నష్టపోవాలి, రైతు ఊపిరి పీల్చుకోవాలి. చంపారన్‌లో జరిగింది దానికి సరిగ్గా తలకిందులు. నీలిమందు గిట్టుబాటు కానప్పుడు దొరలు రైతులతో ఏమన్నారంటే: "సరే, ఇక నీలిమందు వేయక్కర్లేదు. ఆ బాధ్యత నుంచి నిన్ను విడుదల చేస్తున్నాం. దానికి పరిహారం కట్టు." శాశ్వత కౌలు ఉన్న ఊళ్లలో ఆ పరిహారాన్ని శిస్తు పెంపు రూపంలో రాయించుకున్నారు. దానికి శరహ్‌బేషీ అని పేరు. తాత్కాలిక కౌలు ఊళ్లలో ఒకేసారి రొక్కం గుంజారు. అది తావాన్. చేతిలో డబ్బు లేని రైతు దానికి వడ్డీతో నోటు రాసిచ్చాడు. తనకు ఎన్నడూ లాభం తేని పంటను మానేసినందుకు రైతే దొరకు బాకీ పడ్డాడు.

జర్మనీ ఫ్యాక్టరీ పంటను చంపింది, భారాన్ని చంపలేదు. ఇంకా పెంచింది. మార్కెట్ తెచ్చిన నష్టాన్ని, గొలుసులో అందరికన్నా కింద ఉన్నవాడి మీదికి తోసే అధికారం దొర చేతిలో ఉన్నంతకాలం, ధర పడినా రైతుకే దెబ్బ, పెరిగినా రైతుకే దెబ్బ. ఆ అధికారాన్ని రసాయన శాస్త్రం ఏమీ చేయలేదు. దాన్ని కదిలించడానికి మోతీహారి కోర్టు, ఎనిమిది వేల వాంగ్మూలాలు, ఒక చట్టం కావాల్సి వచ్చాయి. తావాన్‌లో నాలుగో వంతు వెనక్కి ఇప్పించడం చిన్న సంగతిగా కనిపిస్తుంది. కానీ తీసుకున్న డబ్బు అన్యాయంగా తీసుకున్నదని దొరల చేత ఒప్పించడమే అందులో అసలు విషయం.

ఈ సంగతి చరిత్ర నోట్‌బుక్కులోనే ఉండిపోయినవాళ్లకు అందదు, వ్యాపారం నోట్‌బుక్కులోనే ఉండిపోయినవాళ్లకూ అందదు.

మూడో అల్మరా, ప్రపంచ వ్యవహారాలు. 1914లో యుద్ధం మొదలైంది. జర్మనీ రంగులు రావడం ఆగిపోయింది. సహజ నీలిమందు ధర మళ్లీ లేచింది, దొరలు మళ్లీ నీలిమందు వైపు తిరిగారు. రాజ్‌కుమార్ శుక్లా 1916లోనే ఎందుకు అంత పట్టుదలగా తిరిగాడు, 1911లో ఎందుకు కాదు అన్నదానికి ఇది పూర్తి జవాబు కాకపోయినా ఒక ముఖ్యమైన ముక్క. (1907-08లో షేక్ గులాబ్, శీతల్ రాయ్ లాంటి స్థానిక నాయకులు నడిపిన పోరాటం కూడా ఉంది. గాంధీకి ముందు చంపారన్ నిద్రపోతోందని రాసే వ్యాసాలు చూస్తే నాకు చిరాకు.)

అదే అల్మరాలో ఇంకాస్త వెనక్కి వెళ్లండి. అసలు నీలిమందు బెంగాల్‌కు అంత పెద్ద పంటగా ఎలా వచ్చింది? 18వ శతాబ్దంలో యూరప్‌కు నీలిమందు ఎక్కువగా కరేబియన్ దీవుల నుంచి, ఉత్తర అమెరికా కరోలినా నుంచి వెళ్లేది. అమెరికా వలసలు చేజారాయి. 1791లో ఫ్రెంచి వలస అయిన సాన్ డొమింగ్‌లో బానిసలు తిరగబడ్డారు. అదే తర్వాత హైతీ అయింది. అక్కడి తోటలు కూలిపోయాయి. బ్రిటన్ దిగుమతి చేసుకునే నీలిమందులో భారత్ వాటా 1788లో 30 శాతం ఉండగా 1810 నాటికి 95 శాతమైంది. కరేబియన్‌లో ఒక బానిస సంకెళ్లు తెంచుకుంటే నదియాలో ఒక రైతు మెడకు కాడి పడింది. ఇది ఎవరి కుట్రా కాదు, మార్కెట్ అలా పనిచేసింది. 1859-60లో బెంగాల్ రైతులు తిరగబడినప్పుడూ ఇదే జరిగింది. బెంగాల్‌లో పంట కుప్పకూలింది, దొరల దృష్టి బీహార్ మీదికి మళ్లింది. ఒకచోటి గెలుపు భారాన్ని రద్దు చేయలేదు, చిరునామా మార్చింది. 'ప్రపంచీకరణ' మీద వ్యాసం రాయాల్సి వస్తే, 1991 దగ్గర మొదలుపెట్టే ముందు దీన్ని ఒకసారి తలుచుకోండి.

వ్యాపారం అల్మరాలో ఇంకో సంగతి మిగిలింది, అది మన నోట్సుల్లో దాదాపు కనిపించదు. రైతు చేతిలో పడే అడ్వాన్సు, అంటే దాదన్, దొర జేబులోది కాదు. కలకత్తాలోని ఏజెన్సీ హౌసులు దొరలకు అప్పిచ్చేవి. ఆ హౌసుల్లో డబ్బు చాలావరకు కంపెనీ ఉద్యోగులు, అధికారులు దాచుకున్నది. వాళ్లకు ఆ సొమ్ము లండన్ చేర్చే దారి కావాలి. నీలిమందు కొని ఓడెక్కించి అక్కడ అమ్మితే సొమ్ము చేరినట్టే. అంటే నీలిమందు బట్టలకు వేసే రంగు మాత్రమే కాదు, ఒక రకం మనియార్డర్ కూడా. అందుకే ధర బాగోలేని ఏడు కూడా పంట ఆగలేదు. ఈ గొలుసు ఎంత బలహీనమో 1830లో పామర్ అండ్ కో దివాలా తీసినప్పుడు తెలిసింది. ఆ తర్వాత మూడు నాలుగేళ్లలో పెద్ద హౌసులన్నీ ఒక్కొక్కటిగా పడ్డాయి. ద్వారకానాథ్ ఠాగూర్ స్థాపకుల్లో ఒకరైన యూనియన్ బ్యాంకు కూడా నీలిమందు అప్పుల్లో మునిగి 1848లో మూతపడింది. మొండి బకాయిలు అనే మాట మనం నిన్న మొన్న నేర్చుకున్నది కాదు.

ఇక సాహిత్యం. అందరూ అలంకారానికి వాడుకునే అల్మరా ఇది.

దీనబంధు మిత్ర పోస్టల్ శాఖ ఉద్యోగి. 1860లో ఢాకా నుంచి 'నీల్ దర్పణ్' నాటకాన్ని పేరు లేకుండా అచ్చువేశాడు. 1861లో దాని ఇంగ్లిష్ అనువాదాన్ని రెవరెండ్ జేమ్స్ లాంగ్ ప్రచురిస్తే దొరలు పరువునష్టం దావా వేశారు. వెయ్యి రూపాయల జరిమానా, నెల రోజుల జైలు. జరిమానా కాళీప్రసన్న సింహ అక్కడికక్కడే కట్టాడు. బెంగాల్ ప్రభుత్వ కార్యదర్శి సీటన్-కార్ అంతకుముందు నీలిమందు కమిషన్‌కు అధ్యక్షుడు. ఆ అనువాదాన్ని ప్రభుత్వ కవర్లలో పంపనిచ్చినందుకు ఆయన పదవి పోయింది. ఇంతవరకు మన నోట్సులో ఉంటుంది, 'వాల్యూ అడిషన్' అనే శీర్షిక కింద.

కానీ నాటకాన్ని మీ ప్రశ్నతో చదివితే వేరేది కనిపిస్తుంది. అందులో గోలోక్ బసు కుటుంబం మధ్యస్థాయి భూవసతి ఉన్న కుటుంబం. అప్పు ఇంట్లోకి ఎలా దూరుతుందో, జైలు ఒక పెద్దమనిషిని ఎలా తినేస్తుందో, క్షేత్రమణి మీద దొర చేయి ఎలా పడుతుందో నాటకం చూపిస్తుంది. కమిషన్ నివేదికలోని ఏ పట్టికా ఆ పని చేయలేదు. ఇది సాహిత్యం చేసే అసలు పని. అదే సమయంలో ఆ నాటకం ఒకదాన్ని దాచిపెడుతుంది కూడా. చరిత్రకారుడు రణజిత్ గుహ 1974లో రాసిన వ్యాసంలో సరిగ్గా ఈ సంగతే పట్టుకున్నాడు. నాటకంలో బాధితులు ఎక్కువ, తిరగబడ్డవాళ్లు తక్కువ. మంచి మేజిస్ట్రేటు వస్తే, చట్టం సరిగ్గా నడిస్తే అంతా బాగుపడుతుందన్న కలకత్తా చదువుకున్న వర్గం నమ్మకం దాని నిండా ఉంది. తిరగబడే శక్తి కనిపించేది ఒక్క తోరాప్‌లో, ఆ ముస్లిం రైతులో. అతను కూడా నవీన్ మాధవ్ బాబుకు విధేయుడే.

అదే ఏడు బయట ఏం జరుగుతోంది? లెఫ్టినెంట్ గవర్నర్ జాన్ పీటర్ గ్రాంట్ 1860లో కుమార్, కాళీగంగ నదుల మీద పడవలో వెళ్తుంటే అరవై డెబ్బై మైళ్ల పొడవునా రెండు గట్ల మీదా జనం నిలబడ్డారు. మగవాళ్లే కాదు, ఊళ్ల దగ్గర ఆడవాళ్లు విడిగా గుంపులు కట్టి నిలబడ్డారు. ఇది ఏ ఉద్యమకారుడో రాసింది కాదు, గ్రాంటే తన అధికారిక మినిట్‌లో రాసుకున్నది. ఆ గట్టు మీది జనం నాటకంలో లేరు. కాబట్టి సాహిత్యం సాక్ష్యమే, కానీ అడ్డప్రశ్నలు వేయాల్సిన సాక్ష్యం. ఎవరు రాశారు, ఎవరి కోసం, ఎవరిని చూడలేదు? 'నీల్ దర్పణ్' నుంచి ఒక వాక్యం ఎత్తి వ్యాసం మొదట్లో పెట్టడం కన్నా ఈ మూడు ప్రశ్నలు వేయడం వంద రెట్లు మేలు.

అన్నట్టు, కోచింగ్ నోట్సులో తిరిగే ఒక మాట సరిచూసుకోండి. 1876 నాటక ప్రదర్శనల చట్టం 'నీల్ దర్పణ్' వల్లే వచ్చిందని ఒక్క ముక్కలో రాసేస్తారు. నాటకం అచ్చయింది 1860లో, కలకత్తా నేషనల్ థియేటర్ దాన్ని ఆడింది 1872లో, చట్టం వచ్చింది 1876లో. దానికి అప్పటికప్పుడు కారణం వేల్స్ యువరాజు పర్యటన మీద వచ్చిన ఒక ప్రహసనం. నీల్ దర్పణ్ లాంటి నాటకాలు ప్రభుత్వానికి అప్పటికే కంట్లో నలుసుగా ఉన్నాయన్నది నిజం. 'వల్లే' అన్నది అబద్ధం. ఒక్క అక్షరం తేడా, కానీ తేదీలను వరుసలో పెట్టి చూసే అలవాటు ఉన్నవాళ్లకే అది దొరుకుతుంది.

అలాగే, మనిషి రక్తపు మరక లేకుండా ఒక్క నీలిమందు పెట్టె కూడా ఇంగ్లండ్ చేరలేదన్న మాటను అందరూ వాడతారు. ఎవరు అన్నారని అడిగితే, ఎవరో జాతీయవాది అంటారు. అది ఫరీద్‌పూర్‌లో మేజిస్ట్రేటుగా పనిచేసిన ఒక బ్రిటిష్ అధికారి 1860 కమిషన్ ముందు ఇచ్చిన సాక్ష్యంలోది. ఆ మాటకున్న బరువంతా అందులోనే ఉంది. అన్నవాడి పేరు తీసేసి వాడితే అది నినాదం, ఎవరు ఎవరితో అన్నారో చెబితే అది రుజువు.

ఇంత పని చేయడానికి టైమ్ ఎక్కడిది అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ప్రిలిమ్స్‌కు ఈ పద్ధతి పెద్దగా ఉపయోగపడదు, ఆ మాట దాచను. అక్కడ కావలసింది విస్తృతి, వేగం. మెయిన్స్‌కు కూడా ప్రతి టాపిక్‌నూ ఇలా తవ్వమని ఎవరూ అనరు. ఏడాదికి ఐదారు ప్రశ్నలు చాలు. ఒక్కోదానికి రెండు వారాల సాయంత్రాలు. నీలిమందు ఒక్కదానితోనే జీఎస్ మొదటి పేపరులో చరిత్ర, మూడో పేపరులో వ్యవసాయం, రుణాలు, సాంకేతికత వల్ల పోయే ఉపాధి, నాలుగో పేపరులో అధికారి నైతికత, వ్యాసం పేపరులో కనీసం పది రకాల అంశాలు మీ చేతికొస్తాయి. గ్రాంట్, సీటన్-కార్ ఇద్దరూ మన భాషలో చెప్పాలంటే సివిల్ సర్వెంట్లే. ఒకరు గట్టు మీది జనాన్ని చూసి ఫైల్లో రాశారు, ఇంకొకరు ఒక పుస్తకాన్ని పంచనిచ్చి కుర్చీ పోగొట్టుకున్నారు. ఎథిక్స్ పేపరుకు ఇంతకన్నా మంచి కేస్ స్టడీ కోసం ఎక్కడ వెతుకుతారు?

పద్ధతి తెలుసుకోవాలంటే కూడా చంపారనే చూడండి. గాంధీ అక్కడ చేసింది మొదట ఉద్యమం కాదు, విచారణ. దిగగానే తోటల దొరల సంఘం కార్యదర్శిని, తిర్హుత్ కమిషనర్‌ను కలిశారు. అంటే అవతలి పక్షం మాట ముందు విన్నారు. బ్రజకిశోర్ ప్రసాద్, రాజేంద్ర ప్రసాద్ లాంటి వకీళ్లు కూర్చుని రైతుల వాంగ్మూలాలు రాసుకున్నారు. ఆ రాతకు ఒక నియమం ఉండేది, గాంధీ 'సత్యశోధన'లో చెప్పారు. ప్రతి రైతునూ అడ్డప్రశ్నలు వేసి పరీక్షించాలి, నిలబడని వాంగ్మూలాన్ని పక్కన పెట్టేయాలి. తమవైపు సాక్ష్యాన్నే తాము ముందుగా జల్లెడ పట్టుకున్నారు. సీఐడీ అధికారి పక్కనే కూర్చుని వింటుంటే కూర్చోనిచ్చారు. అతని ముందు చెప్పినదాన్ని రేపు ఎవరూ కల్పన అనలేరు. మీకు ఇష్టమైన వాదానికి అనుకూలంగా దొరికిన అంకెను ఎప్పుడైనా ఇలా నిలదీశారా? నోట్సులో రాసుకున్న ప్రతి అంకె పక్కనా, అది తప్పని చెప్పాలనుకునేవాడు ఏం అడుగుతాడో ఒక వాక్యం రాయడం అలవాటు చేసుకోండి. నోట్‌బుక్కు సన్నబడుతుంది. ఫరవాలేదు.

ఇంకొక జాగ్రత్త. ఒక కేసు బాగా పట్టుబడ్డాక దాన్ని ప్రతిదానికీ అంటించాలని చేతులు దురదపెడతాయి. ఒప్పంద సేద్యం అనగానే 'ఇదీ నీలిమందే' అని రాసేస్తారు. ఆగండి. మన దగ్గరి పామాయిల్‌నే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 1993 నుంచి దీనికి ప్రత్యేక చట్టం ఉంది. ఏ ప్రాంతం రైతులు ఏ ఫ్యాక్టరీకి గెలలు వేయాలో జోన్లు కట్టి ఉంటాయి. ఖమ్మం వైపు, గోదావరి జిల్లాల్లో రైతులతో మాట్లాడితే ఈ జోన్ల గురించి గంట చెబుతారు. కొనేవాడు ఒక్కడే, మొక్క వేశాక పాతికేళ్లు పైగా తోట మార్చలేరు, ధర ఇండోనేషియా, మలేషియాల మీద ఆధారపడుతుంది. 2022 ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసి మూడు వారాల తర్వాత మళ్లీ వదిలింది. ఆ నిర్ణయం జకార్తాలో తీసుకున్నదే, దాని లెక్క మాత్రం అశ్వారావుపేట దాకా వస్తుంది. ఇంతవరకు పోలిక నడుస్తుంది.

తర్వాత తెగిపోతుంది. పామాయిల్ వేయాలా వద్దా అన్నది రైతు తేల్చుకున్నాడు, మొక్కలకు రాయితీ తీసుకున్నాడు, గెలల ధర ఫ్యాక్టరీ ఇష్టం కాకుండా ప్రభుత్వం ప్రకటించే లెక్క మీద నడుస్తుంది, ఓటు అతని చేతిలో ఉంది. లఠైతులు లేరు. కాబట్టి నీలిమందు నుంచి పామాయిల్‌కు తీసుకెళ్లదగ్గది 'దోపిడీ' అనే మాట కాదు, ఒక ప్రశ్న: ధర పడిన ఏడు నష్టం గొలుసులో ఎక్కడ ఆగుతుంది, దాన్ని కిందికి తోసే అధికారం ఎవరి చేతిలో ఉంది? ఈ ప్రశ్నకు పామాయిల్ దగ్గర వేరే జవాబు వస్తుంది, చెరకు దగ్గర ఇంకోటి, విత్తన పత్తి దగ్గర మరోటి. పోలిక ఎక్కడిదాకా నడిచిందో, ఎక్కడ తెగిందో రెండూ రాసిన వ్యాసాన్ని పేపరు దిద్దేవాళ్లు గుర్తుపెట్టుకుంటారని నా నమ్మకం.

తెలుగు మీడియంలో రాసేవాళ్లకు ఒక మాట ప్రత్యేకంగా. మనకు పుస్తకాలు తక్కువని మనమే ఎక్కువగా అంటుంటాం. చంపారన్ మీద, బెంగాల్ మీద మంచి పుస్తకాలు ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి, నిజమే. బ్లేర్ క్లింగ్, జాక్ పూష్‌పదాస్, ప్రకాశ్ కుమార్ పుస్తకాలను పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివినా నష్టం లేదు. కానీ ఇదే ప్రశ్నలో ఎవరూ సరిగ్గా తాకని ఒక ముక్క మన ఇంట్లోనే ఉంది. 19వ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కూడా నీలిమందు బాగా ఎగుమతయ్యేది. కడప దానికి పేరుమోసిన ప్రాంతం. లండన్ వ్యాపారులు ఆ రకం నీలిమందును 'కర్పా' అని పిలిచేవాళ్లు, కడప పేరు వాళ్ల నోట్లో అలా తిరిగింది. అదే పంట, అదే మార్కెట్, అదే శతాబ్దం. నదియాలో తిరుగుబాటు, చంపారన్‌లో సత్యాగ్రహం. కడపలో అలాంటిది వినబడదు.

ఎందుకు? రైత్వారీ వల్లనా? మధ్యలో దొరల తోటలు, కోఠీలు అంత బలంగా లేకపోవడం వల్లనా? ఇక్కడ పచ్చి ఆకును వెంటనే కోఠీకి తోలాల్సిన అవసరం లేకుండా ఎండబెట్టిన ఆకు నుంచి కూడా రంగు తీసేవాళ్లు. ఎండిన ఆకు నిలవ ఉంటుంది కాబట్టి, ఎవరికి అమ్మాలో ఎప్పుడు అమ్మాలో తేల్చుకునే వీలు రైతుకు కాస్త ఎక్కువగా ఉండేదా? గ్రిబుల్ రాసిన కడప జిల్లా మాన్యువల్ 1875 నాటిది. శిస్తు, పంటల అధ్యాయాలతో మొదలుపెట్టండి, తర్వాత కడప, జమ్మలమడుగు వైపు పెద్దవాళ్లను నీలిమందు తొట్ల గురించి అడగండి.